పత్తి బేళ్ల గోదాముల్లో గ్యాస్ ఫోర్క్‌లిఫ్టులు: వాడకం, మరమ్మతు, జాగ్రత్తలు

అక్టోబరులో కొత్త పత్తి రాక మొదలైతే ఆదిలాబాదు, వరంగల్, జమ్మికుంట, గుంటూరు, ఆదోని ప్రాంతాల జిన్నింగు మిల్లుల్లో ప్రెస్సులకు తీరిక వుండదు. ప్రెస్సు నుంచి దిగిన బేలు గోదాములో నిట్టు ఎక్కాలి, నిట్టు దిగి లారీ ఎక్కాలి. ఒక్కో బేలు 170 కిలోలు. ఒకప్పుడు ఈ పనంతా ముఠా కూలీల భుజబలం మీదనే సాగేది. ఇప్పుడు పెద్ద గోదాముల్లో ఫోర్క్‌లిఫ్టు యంత్రాలు వచ్చాయి. డీజిల్, బ్యాటరీ, ఎల్.పి.జి. అనే మూడు రకాల్లో గ్యాస్ యంత్రం వర్తకులను కొన్ని కారణాల వల్ల ఆకర్షిస్తున్నది. డీజిల్ యంత్రంలా దూదికి మసి పట్టించదు. బ్యాటరీ యంత్రంలా గంటల తరబడి చార్జింగుకు ఆగదు. సుమారు 15 కిలోల సిలిండరు మామూలు పనిలో దాదాపు ఒక షిఫ్టు వస్తుంది. అది అయిపోతే కొద్ది నిమిషాల్లో మరొకటి బిగించవచ్చు.

అయితే పత్తి గోదాములో ఈ యంత్రం మూడు ప్రమాదాలను వెంటబెట్టుకుని వస్తుంది. మొదటిది నిప్పు. రెండవది కంటికి కనిపించని విషవాయువు. మూడవది యంత్రం బోల్తాపడటం. వీటిలో ఏది జరిగినా ముందుగా నష్టపోయేది అక్కడ పనిచేసే డ్రైవరు, హమాలీలు. ఆ తర్వాత సరుకుదారు, దాని మీద అప్పిచ్చిన బ్యాంకు, బీమా కంపెనీ. కనుక యంత్రం కొనేవారు, అద్దెకు తెచ్చేవారు దాని స్వభావాన్ని ముందుగా తెలుసుకోవడం మంచిది.

గ్యాసు స్వభావం

ఎల్.పి.జి. అంటే ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. ఒత్తిడి మీద ద్రవంగా సిలిండరులో వుంటుంది. బయటికి వస్తే ఆ ద్రవం దాదాపు 250 రెట్లు వ్యాపించి ఆవిరి అవుతుంది. ఈ ఆవిరి గాలికంటె బరువు. ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు వుంటాయి. అందువల్ల లీకైన గ్యాసు పైకి పోదు. నేలబారున పాకి కాలువల్లో, తూకం కాటా గుంటల్లో, బేళ్ల వరుసల అడుగున నిలుస్తుంది. పైన కిటికీలు వున్నాయి కదా అని నిశ్చింతగా వుండడానికి లేదు. గాలి ఆడవలసింది నేల మట్టాన.

గాలిలో ఈ గ్యాసు నూటికి సుమారు 2 పాళ్ల నుంచి 9 పాళ్ల వరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే మండుతుంది. ఒక కిలో గ్యాసు లీకైతే దాదాపు అర ఘనపు మీటరు ఆవిరి అవుతుంది. నూటికి 2 పాళ్ల లెక్కన అది 25 ఘనపు మీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. అంటే పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు వున్న గది అంత. గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. లీకు తెలియడానికి మెర్కాప్టన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. ఆ వాసన వచ్చిందంటే దానిని హెచ్చరికగా తీసుకోవాలే తప్ప, “ఎప్పుడూ వచ్చేదే” అని వదిలేయకూడదు.

ఇంటి సిలిండరు పనికిరాదు

ఖర్చు కలిసివస్తుందని కొందరికి వంటింటి సిలిండరు మీద దృష్టి పోతుంది. ఇంటి వంటకు ఇచ్చే గ్యాసును వ్యాపారపు పనులకు వాడటం 2000 సంవత్సరపు ఎల్.పి.జి. సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, సాంకేతికంగా కూడా అది ప్రమాదకరం. వంటింటి సిలిండరును నిలువుగా వుంచి పైనుంచి ఆవిరిని తీసుకుంటారు. ఫోర్క్‌లిఫ్టు ఇంజను మామూలుగా ద్రవాన్ని తీసుకుంటుంది. అందుకోసం దాని సిలిండరులో అడుగు వరకు వెళ్లే గొట్టం వుంటుంది. వంటింటి సిలిండరును యంత్రం మీద పడుకోబెట్టి బిగిస్తే దాని రక్షణ వాల్వు ద్రవంలో మునగవచ్చు. అప్పుడు ఒత్తిడి పెరిగితే బయటికి వచ్చేది ఆవిరి కాదు, ద్రవం. ఒక లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల ఆవిరి అవుతుందన్న లెక్క ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఫోర్క్‌లిఫ్టు సిలిండరును పడుకోబెట్టి బిగించేటప్పుడు కూడా ఒక నియమం వున్నది. యంత్రం మీద వున్న చిన్న పిన్ను సిలిండరు కాలరు రంధ్రంలో కూర్చోవాలి. అలా కూర్చుంటేనే రక్షణ వాల్వు పై దిక్కుకు తిరిగి, ఆవిరి వుండే భాగంలో వుంటుంది. పిన్నును వంచి, లేదా కోసివేసి సిలిండరును ఎలాబడితే అలా బిగించిన యంత్రాన్ని పనిలోకి తీసుకోకూడదు. సిలిండరును నూటికి 80 పాళ్లకు మించి నింపకూడదు. మిగిలిన జాగా ఎండకు ద్రవం వ్యాకోచించడానికి. సిలిండర్లను నింపడం, పరీక్షించడం 2016 సంవత్సరపు గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందకు వస్తాయి. పెద్ద సిలిండరు నుంచి చిన్న సిలిండరులోకి గోదాము ఆవరణలోనే గ్యాసు దించుకునే పద్ధతి ఏ విధంగానూ తగదు.

సిలిండరు మార్చే విధానం

అధిక ప్రమాదాలకు అవకాశం వున్న పని సిలిండరు మార్చడమే. ఈ పని ఎన్నడూ బేళ్ల మధ్య చేయకూడదు. బయట, కాలువలకు, గుంటలకు దూరంగా, బీడీ సిగరెట్లు, వెల్డింగు లేని చోట చేయాలి. వరుస ఇది:

1. ఫోర్కులు నేలకు దించి, న్యూట్రల్‌లో పెట్టి, చేతి బ్రేకు వేయాలి.
2. ఇంజను నడుస్తుండగానే సిలిండరు వాల్వు మూయాలి. గొట్టంలో మిగిలిన గ్యాసు కాలిపోయి ఇంజను తనంతట తాను ఆగుతుంది. అప్పుడు తాళం తీయాలి.
3. మందపాటి తోలు తొడుగులు, కళ్లద్దాలు ధరించాలి. ప్రొపేన్ ద్రవం మైనస్ 42 డిగ్రీల వద్దనే మరుగుతుంది. చర్మానికి తగిలితే నిప్పు కాల్చినట్లే కాలుస్తుంది.
4. కప్లింగును చేతితోనే విప్పాలి. పట్టకారు, స్పానరు వాడితే మరలు, లోపలి రబ్బరు వలయం దెబ్బతింటాయి. ఆ వలయం చిట్లితే కొత్తది వేయాలి.
5. నిండు సిలిండరు 30 కిలోలు దాటవచ్చు. ఇద్దరు కలిసి ఎత్తాలి. పిన్ను రంధ్రంలో కూర్చున్నదో లేదో చూసి పట్టీ బిగించాలి.
6. వాల్వును మెల్లగా తెరవాలి. ఒక్కసారిగా తిప్పితే లోపలి అతి ప్రవాహ వాల్వు మూసుకుపోయి ఇంజనుకు గ్యాసు అందదు.
7. కీళ్ల వద్ద సబ్బునీళ్లు పూసి చూడాలి. బుడగలు వస్తే లీకు వున్నట్లే. అగ్గిపుల్లతో లీకు వెదకడం ప్రాణాంతకం.

ఖాళీ సిలిండరు నిజానికి పూర్తిగా ఖాళీ కాదు. కొంత ఆవిరి మిగిలే వుంటుంది. కనుక దానిని కూడా వాల్వు మూసి, మూత పెట్టి, నిండు సిలిండర్ల మాదిరిగానే నీడలో, గాలి ఆడే చోట, నిలువుగా, పడిపోకుండా కట్టి వుంచాలి. బేళ్ల గోదాములో సిలిండర్లు నిలువ చేయరాదు.

కనిపించని విషం

గ్యాసు ఇంజను పొగ నల్లగా వుండదు. అందువల్లనే మోసం జరుగుతుంది. పొగ కనిపించలేదు కాబట్టి తలుపులు మూసి రాత్రి పని నడపవచ్చునని కొందరు భావిస్తారు. గ్యాసు సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తాయి. హమాలీలు దీనిని ఎండదెబ్బ అనో, ఆకలి అనో అనుకుని పని కొనసాగిస్తే స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం పని వేళ మొత్తం మీద సగటున పది లక్షల పాళ్ల గాలిలో 35 పాళ్లు, ఏ క్షణంలోనైనా 200 పాళ్లు మించకూడదు. ఈ అంకెలు గోదాము లెక్కలో ఎలా వుంటాయో చూడవచ్చు.

30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు గల గోదాములో 3,600 ఘనపు మీటర్ల జాగా వుంటుంది. గంటకు 45 ఘనపు మీటర్ల పొగ వదిలే ఇంజను అనుకుందాం. ట్యూనింగు బాగా వుండి పొగలో నూటికి అర పాలు మాత్రమే కార్బన్ మోనాక్సైడ్ వుంటే గంటకు 0.225 ఘనపు మీటరు విడుదలవుతుంది. తలుపులన్నీ మూసి వుంటే గంటలో అది పది లక్షలకు 62 పాళ్లు అవుతుంది. ట్యూనింగు చెడి నూటికి 4 పాళ్లు వుంటే గంటకు 1.8 ఘనపు మీటర్లు, అంటే పది లక్షలకు 500 పాళ్లు. గోదాములో సగం బేళ్లే నిండి వుంటే గాలి జాగా సగమే కనుక ఈ అంకెలు రెట్టింపవుతాయి. ఒకే గోదాము, ఒకే యంత్రం. తేడా అంతా ట్యూనింగులో, తలుపుల్లో వున్నది. అయితే మంచి ట్యూనింగు వున్న ఇంజను కూడా మూసిన గోదాములో పరిమితి దాటుతున్నదని ఈ లెక్కే చెబుతున్నది. కనుక ఎదురెదురు తలుపులు తెరవకుండా యంత్రం నడపరాదు. లారీకి సరుకు సర్దే వ్యవధిలో ఇంజను ఆపివేయాలి. కార్బన్ మోనాక్సైడ్ కొలిచే చిన్న అలారం ఒకటి డ్రైవరు సీటు వద్ద పెట్టడం మేలు. ఎవరికైనా తలనొప్పి వస్తే వెంటనే అందరినీ బయటి గాలిలోకి తీసుకురావాలి. లేవలేని స్థితిలో వున్నవారికి తక్షణం వైద్య సహాయం అందించాలి.

దూదికి, నిప్పుకు మధ్య

బేలు గట్టిగా నొక్కి కట్టినదే అయినా దాని పై దూది నూగులా లేచి వుంటుంది. ఆ నూగుకు నిప్పు త్వరగా అంటుతుంది. నొక్కిన బేలు లోపల చేరిన నిప్పు పైకి కనిపించకుండా రోజుల తరబడి రాజుకుంటూ వుండగలదు. జిన్నింగులో పుట్టిన నిప్పురవ్వ ప్రెస్సులో బేలు లోపలికి పోయి, ఆ తర్వాత ఎన్నో రోజులకు గోదామును తగలబెట్టవచ్చు. ప్రెస్సులో కాలిన వాసన వచ్చిన రోజు బేళ్లను వేరుగా, బయట కొన్ని రోజులు వుంచి గమనించాలనే పద్ధతి ఇందుకే వచ్చింది.

ఫోర్క్‌లిఫ్టు విషయంలో చూడవలసినవి ఎగ్జాస్టు గొట్టం, సైలెన్సరు. లోడు మీద నడిచే ఇంజను ఎగ్జాస్టు కొన్ని వందల డిగ్రీలు వేడెక్కుతుంది. దాని చుట్టూ, ఇంజను కింద, రేడియేటరు మీద పేరుకున్న దూదిని ప్రతి షిఫ్టుకు తీసివేయాలి. ఇంజను చల్లారిన తర్వాత బయట ఈ పని చేయాలి. అమెరికా భద్రతా నిబంధనల్లో గ్యాస్ యంత్రాలను రెండు తరగతులుగా విడదీశారు. ఎగ్జాస్టు, ఇంధనం, కరెంటు భాగాలకు అదనపు రక్షణ వున్న ఎల్.పి.ఎస్. తరగతి యంత్రాన్ని మాత్రమే మండే పీచును నిలువ చేసే చోట అనుమతిస్తారు. పీచు గాలిలో ఎగిరే ప్రాసెసింగు చోట దానిని కూడా అనుమతించరు. మన జిన్నింగు వర్తకులకు ఇందులో పాఠం స్పష్టం. గోదాములో తగిన రక్షణలు వున్న గ్యాస్ యంత్రం నడవవచ్చు గాని, దూది ఎగిరే జిన్ను, ప్రెస్సు గదుల్లోకి దానిని తీసుకువెళ్లకూడదు.

బేలుకు చుట్టిన ఇనుప పట్టీ తెగి నేల మీద ఈడ్చుకుపోతే, ఫోర్కు కొన సిమెంటు నేలకు రాసుకుంటే నిప్పురవ్వలు రాలవచ్చు. తెగిన పట్టీలను వెంటనే ఏరివేయాలి. గోడకు, నిట్టుకు మధ్య జాగా వదలాలి. తడిసిన బేళ్లు వుబ్బి గోడలను నెట్టగలవు. మంటలార్పే సిబ్బంది తిరగడానికి కూడా ఆ దారి కావాలి.

బోల్తా లెక్క

ఫోర్క్‌లిఫ్టు త్రాసు వంటిది. ముందు చక్రాలు ఇరుసు. ముందు సరుకు, వెనుక ఇనుప బరువు. పలకపై “2,000 కిలోలు, 500 మిల్లీమీటర్లు” అని వుంటే, సరుకు మధ్యబిందువు ఫోర్కు నిలువు ముఖానికి 500 మిల్లీమీటర్ల దూరంలో వున్నప్పుడే 2,000 కిలోలు మోయగలదని అర్థం. ఇరుసుకు, ఫోర్కు ముఖానికి మధ్య 400 మిల్లీమీటర్లు వుంటే మొత్తం దూరం 900. రెండింటి హెచ్చింపు 18 లక్షలు. సరుకు మధ్యబిందువు 600 మిల్లీమీటర్లకు జరిగితే దూరం 1,000 అవుతుంది. 18 లక్షలను 1,000తో భాగిస్తే 1,800 కిలోలు. అదే 800 మిల్లీమీటర్లకు జరిగితే 1,500 కిలోలే. ఎత్తు పెరిగే కొద్దీ ఇది ఇంకా తగ్గుతుంది.

నాలుగు బేళ్లు 680 కిలోలే కదా అనిపించవచ్చు. కాని బేళ్లను పక్కలనుంచి పట్టే క్లాంపు బిగిస్తే దాని సొంత బరువు కలుస్తుంది. సరుకు కూడా ముందుకు జరుగుతుంది. క్లాంపు వున్న యంత్రానికి తయారీదారు నుంచి కొత్త సామర్థ్యపు పలక తెప్పించుకోవాలి. ఎక్కువ బరువు ఎత్తడానికని యంత్రం వెనుక మనుషులను కూర్చోబెట్టే పద్ధతి నేరంతో సమానం.

ముందుకు ఒరగడం ఒక ఎత్తు, పక్కకు ఒరగడం మరొక ఎత్తు. ఈ యంత్రం వెనుక చక్రాలతో తిరుగుతుంది. వెనుక భాగం విశాలంగా విసురుకుంటుంది. సరుకు ఎత్తి వుంచి వేగంగా మలుపు తిరిగితే పక్కకు పడుతుంది. ఆశ్చర్యమేమంటే ఖాళీ యంత్రం కూడా ఇలా పడగలదు. సరుకుతో నడిచేటప్పుడు ఫోర్కులు నేలకు 15, 20 సెంటీమీటర్ల ఎత్తులో వుంచి, మాస్టు వెనక్కు వంచాలి. ర్యాంపు ఎక్కేటప్పుడు సరుకు ముందుండాలి. దిగేటప్పుడు వెనక్కు నడుపుతూ దిగాలి. అంటే రెండు సందర్భాల్లోనూ సరుకు ఎగువ దిక్కునే వుంటుంది. ర్యాంపు మీద తిరగకూడదు. సరుకు చూపుకు అడ్డం వస్తే సమతల నేల మీద వెనక్కు నడపాలి. యంత్రం పడిపోతున్నదనిపిస్తే దూకకూడదు. దూకినవాడి మీదే పైకప్పు చట్రం పడుతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని, కాళ్లు బిగించి, పడే దిక్కుకు ఎదురుగా వొరగాలి. ఎత్తిన ఫోర్కుల కింద ఎవరూ నిలబడకూడదు. ఫోర్కుల మీద మనిషిని ఎక్కించి నిట్టుపైకి పంపే అలవాటు మానాలి.

మరమ్మతు పట్టిక

ప్రతి షిఫ్టు ముందు డ్రైవరు చూడవలసినవి: టైర్లు, ఫోర్కులలో పగుళ్లు, గొలుసులు, హైడ్రాలిక్ నూనె లీకులు, ఇంజను నూనె, రేడియేటరు నీరు, బ్రేకులు, హారను, లైట్లు, సీటు బెల్టు, సిలిండరు పట్టీ, గ్యాసు గొట్టం, వాసన.

రేడియేటరు నీటికి గ్యాస్ యంత్రంలో మరో పని వున్నది. ద్రవ గ్యాసు ఆవిరి కావడానికి కావలసిన వేడిని వేపరైజరుకు ఇంజను వేడి నీరే ఇస్తుంది. నీరు తగ్గితే వేపరైజరు మీద మంచు పడుతుంది, ఇంజను సరిగా నడవదు. మంచు కనిపిస్తే దాని మీద వేడి నీళ్లు పోసి పని కానివ్వడం కాదు, కారణం వెదకాలి. ఇంజను ఆగితే గ్యాసు ఆగేటట్లు చేసే లాక్-ఆఫ్ వాల్వును మెకానిక్కు క్రమంగా పరీక్షించాలి.

పత్తి గోదాములో గాలి ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. గాలి తగ్గితే గ్యాసు పాలు ఎక్కువై కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. అంటే ఫిల్టరు శుభ్రం చేయడం ఇంజను ఆయుష్షుకే కాక హమాలీల ఊపిరికీ సంబంధించిన పని. ట్యూనింగు చెవితో కాక పొగను కొలిచే ఎనలైజరుతో చేయించాలి. ఫోర్కు మందం మొదటి కొలతకు నూటికి 10 పాళ్లు అరిగితే దాని బలం దాదాపు 20 పాళ్లు తగ్గుతుంది, మార్చవలసిందే. ఎత్తే గొలుసు నూటికి 3 పాళ్లు సాగితే కొత్తది వేయాలి. నూనె, ఫిల్టర్ల గడువులు తయారీదారు పుస్తకం ప్రకారం పని గంటల లెక్కన పాటించాలి. దుమ్ములో నడిచే యంత్రానికి ఆ గడువులను తగ్గించుకోవాలి.

గ్యాసు వాసన వస్తే ఇంజను ఆపి, వాల్వు మూయాలి. కరెంటు స్విచ్చులు వేయరాదు, తీయరాదు. మనుషులను గాలి వచ్చే వైపుకు పంపి, తలుపులు తెరవాలి. యంత్రాన్ని తిరిగి స్టార్టు చేసి బయటికి తెచ్చే ప్రయత్నం చేయరాదు. వీలైతే చేతులతో నెట్టాలి, వీలు కాకపోతే వదిలి అగ్నిమాపక దళాన్ని పిలవాలి.

ఈ తనిఖీలకు షిఫ్టుకు పది, పదిహేను నిమిషాలు పడుతుంది. సీజనులో లారీలు బారులు తీరి వున్నప్పుడు ఆ పది నిమిషాలే ముందుగా కోతకు గురవుతాయి. ఒక క్యాండీ అంటే 356 కిలోలు, రెండు బేళ్లకు కాస్త ఎక్కువ. ఆ పది నిమిషాల్లో ఎక్కించగలిగే క్యాండీలు ఎన్నో, గోదాములో వున్న క్యాండీలు ఎన్నో యజమాని పక్కపక్కన వేసి చూసుకుంటే, ఏది ఆదా, ఏది నష్టం అన్నది తేలుతుంది. తనిఖీ పుస్తకం ఒకటి పెట్టి, రోజూ డ్రైవరు చేత, ముఠా మేస్త్రి చేత సంతకం చేయించడం, యంత్రంలో లోపం వున్నదని డ్రైవరు రాస్తే ఆ రోజు దానిని నిలిపివేయడం, అలా నిలిపినందుకు అతని కూలి తగ్గించకపోవడం అనే మూడు ఏర్పాట్లు చేసుకుంటే సీజను సవ్యంగా సాగుతుంది.